ఇల్లు అమ్ముడుపోయిన బాడుగవారి గతి యేమి?

మన పాపిరెడ్డిపట్టి వంటి ఊళ్లలో సొంత ఇల్లు లేని నేతకుటుంబము బాడుగ ఇంటిలోనే గుంట త్రవ్వి మగ్గము వేసుకొనును. ఇల్లు గలవారు ఆ వరుస ఇండ్లను విడదీసి, వాకిలికొక్కరికి అమ్మజూపుటయు కలదు. అప్పుడు "నెలాఖరుకు ఖాళీ చేయండి" అన్న మాట వినగానే పడుగు కోసి మూట కట్టుకొనువారున్నారు. ఆ తొందర అక్కరలేదు. ఇల్లు అమ్మినంతమాత్రాన బాడుగ ఒప్పందము తెగిపోదు.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 109వ సెక్షను ప్రకారము, కొన్నవారు పాత సొంతదారు స్థానములోనికి వత్తురు. అమ్మకము సంగతి తెలియక మీరు పాతవారికే బాడుగ కట్టియున్నచో, కొన్నవారు దానిని మరల అడుగరాదు. అమ్మకమునకు ముందటి బాకీ అడుగు హక్కును ఆ సెక్షను వారికి ఇవ్వలేదు. మీరున్న భాగములో కొంత ఒకరికి, కొంత మరొకరికి పోయినచో ఎవరికెంత బాడుగ అన్నది పాతవారు, కొన్నవారు, మీరు కలసి తేల్చుకొనవచ్చును. కుదరనిచో కోర్టు తేల్చును. ఇందుకు రశీదులు కావలెను. సంఘము ఆఫీసుకు వచ్చినవారిని నేను మొదట అడుగునది అవే. నోటిమాట మీద ఇరువది ఏండ్లు గడుపుట మనవారి పెద్ద లోపము.

అమెరికా రాజధాని వాషింగ్టనులో 1980లో చేసిన చట్టము, ఇల్లు అమ్మునప్పుడు ముందుగా కొనుటకు బాడుగవారికే అవకాశమిచ్చినది. ఆస్తి బదిలీ చట్టములో అట్టి హక్కు లేదు.

తమిళనాడులో 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులోనికి వచ్చిన బాడుగ చట్టము ప్రకారము ఒప్పందము వ్రాతలో ఉండవలెను, రెంట్ అథారిటీ వద్ద నమోదు కావలెను. అందులో "కాపురమునకు, మగ్గము నేయుటకు" అని వ్రాయించుకొనండి. కాపురమునకు మాత్రమే అని వ్రాసినచో, ఇంటిని వేరు పనికి వాడినారని రేపు మీ మీదనే నేరము మోపవచ్చును. కూల్చి కట్టవలెనన్నను, సొంతదారు తనంతట తాను మిమ్ము వెళ్లగొట్టరాదు. రెంట్ కోర్టుకు పోవలెను. బలవంతముగా సామాను వీధిలో వేసినచో, 1963వ సంవత్సరపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 6వ సెక్షను క్రింద ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. ఆరు నెలలు దాటనీయకండి.

ఇక ఖాళీ చేయక తప్పనప్పుడు మగ్గము సంగతి. మీరు నేలలో పాతిన గుంజలు మీవే. అయితే ఇల్లు మీ స్వాధీనములో ఉన్నంతవరకే వాటిని పెకలించుకొనవచ్చును. తాళముచెవి ఇచ్చివేసిన తరువాత ఆ హక్కు లేదు. ఇల్లు తీసుకొన్ననాటి స్థితిలో అప్పగించవలెను గనుక, గుంట పూడ్చి, నేల మెత్తి, ఇద్దరు సాక్షుల ఎదుట తాళముచెవి ఇచ్చి, అడ్వాన్సు తిరిగి పుచ్చుకొనండి.