మీ చిన్నారి వెబ్‌సైట్‌కు మెనూ పెట్టడం ఎలా?



ప్రాజెక్టు అంటే ఒకప్పుడు చార్టు, స్కెచ్ పెన్నులు. ఇప్పుడు పిల్లలు వెబ్‌సైట్లే తయారు చేస్తున్నారు. ‘మన విశాఖ’ అనే ప్రాజెక్టునే తీసుకుందాం. మీ అమ్మాయి ఓడరేవు మీద ఒక పేజీ, ఉక్కు కర్మాగారం మీద ఒకటి, కురుసుర జలాంతర్గామి మీద ఇంకొకటి రాసింది. తీరా సైటు తెరిస్తే మొదటి పేజీ తప్ప మరేదీ కనిపించడం లేదు. పేజీలు ఉన్నాయి, వాటికి దారే లేదు. బోర్డు లేని సిటీ బస్సు కాంప్లెక్స్‌లో ఎంతసేపు ఆగినా ఎవరు ఎక్కుతారు? వెబ్‌సైట్‌కు ఆ బోర్డే మెనూ.

పిల్లలు వాడగల వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. కోడ్ రాయకుండా మౌస్‌తోనే మెనూ కట్టుకునే వీలు 2010లో 3.0 వెర్షన్‌తో కలిగింది. పిల్లల పక్కన కూర్చుని మీరూ చేయించవచ్చు.

మెనూ కట్టే పద్ధతి

1. డ్యాష్‌బోర్డులో ‘అప్పియరెన్స్’, అందులో ‘మెనూస్’ నొక్కండి. కొత్త థీముల్లో ‘మెనూస్’ కనిపించకపోతే ‘అప్పియరెన్స్’లోని ‘ఎడిటర్’ తెరిచి ‘నావిగేషన్’ ఎంచుకోండి. అక్కడ బటన్లు వేరుగా ఉన్నా పని ఒకటే.

2. మెనూకు ఒక పేరు ఇచ్చి ‘క్రియేట్ మెనూ’ నొక్కండి.

3. ఎడమవైపు పేజీల జాబితాలో కావలసిన వాటికి టిక్ పెట్టి ‘యాడ్ టు మెనూ’ నొక్కండి.

4. వరుస మార్చాలంటే పేరును పట్టుకుని పైకో కిందికో లాగండి. కాస్త కుడివైపు జరిపితే అది పై అంశానికి ఉపమెనూ అవుతుంది. ఉదాహరణకు ‘ఉక్కు కర్మాగారం’ కింద ‘1966 ఉద్యమం’, ‘1971 శంకుస్థాపన’ అని రెండు పేజీలు చేర్చవచ్చు.

5. బయటి వెబ్‌సైట్‌కు లింకు ఇవ్వాలంటే ‘కస్టమ్ లింక్స్’లో దాని పూర్తి చిరునామా అతికించండి. ముందు మీరు ఆ లింకు తెరిచి, అది అసలు సైటేనా అని చూసుకోండి.

6. మెనూ ఎక్కడ కనిపించాలో టిక్ పెట్టి ‘సేవ్ మెనూ’ నొక్కండి. చాలామంది మరిచిపోయేది ఈ మెట్టే.

పేర్లు ఎలా ఉండాలి?

‘ఇతరాలు’, ‘మరిన్ని’ అంటే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ‘ఓడరేవు’, ‘జలాంతర్గామి’ అంటే ఇంట్లో నానమ్మగారు కూడా ఫోనులో చూసి నొక్కగలరు. పేజీ శీర్షిక పొడుగ్గా ఉన్నా ఫరవాలేదు. ‘నావిగేషన్ లేబుల్’లో చిన్న పేరు రాస్తే మెనూలో అదే కనిపిస్తుంది, శీర్షిక మారదు. పై వరుసలో ఐదారు అంశాలు చాలు.

ఇది తప్పక గమనించండి

మెనూలోంచి తీసేసినంత మాత్రాన పేజీ దాగదు. ‘నా గురించి’ అన్న పేజీలో పిల్లలు సరదాగా ఇంటి అడ్రసు, అమ్మ ఫోను నంబరు, స్కూలు బస్సు వచ్చే టైము రాస్తారు. మీరు వద్దంటే మెనూలోంచి లింకు తీసేసి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ పేజీ ఇంకా ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. చిరునామా తెలిసినవారు నేరుగా తెరవవచ్చు, గూగుల్ వెతుకులాటలోనూ బయటపడవచ్చు.

అందుకే ముందు పేజీలోంచే ఆ వివరాలు చెరిపించండి. పేజీయే వద్దనుకుంటే దాన్ని తెరిచి ‘డ్రాఫ్ట్’గా గానీ ‘ప్రైవేట్’గా గానీ మార్చండి, లేదా ట్రాష్‌లో వేయండి. ‘కొత్త పేజీలను మెనూలో వాటంతట అవే చేర్చు’ అనే అర్థం వచ్చే ఎంపికకు టిక్ ఉంటే తీసేయండి. ఏ పేజీ మెనూలోకి రావాలో మీరూ పిల్లలూ కలిసి నిర్ణయించుకోవచ్చు.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారాన్ని వాడుకునే సంస్థలు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలని చెబుతుంది. కాబట్టి సైటు ఖాతాను మీ ఈమెయిల్‌తో తెరవడం మంచిది.

ఈ ఆదివారం చేసి చూడండి

సైటు తయారయ్యాక దాన్ని ఇంతవరకు చూడని ఒకరికి ఫోను ఇవ్వండి. ‘కురుసుర మ్యూజియం ఏ సంవత్సరంలో ప్రారంభమైందో కనుక్కో’ అని అడగండి. ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. వారు తడుముకోకుండా ‘2002’ అని చెప్పగలిగితే మీ చిన్నారి కట్టిన మెనూ బాగున్నట్టే. ఎక్కడ ఆగారో గమనించి, అక్కడి పేరునో వరుసనో పిల్లల చేతే మార్పించండి.