గడ్డిచేమంతి: గుర్తులు, గుణములు, వాడుకయందలి హద్దులు

కోతలనాడు కొడవలి జారి వ్రేలు తెగినచో, గట్టుమీది గడ్డిచేమంతి ఆకును నలిపి పసరు పిండుట మన పల్లెలలో చిరకాలముగా నున్న అలవాటు. ఈ కారణముననే దీనికి గాయపాకు అను పేరు గలిగినది. పిల్లలు పలకలు తుడుచుకొనుటకు వాడుదురు గనుక పలకాకు అనియు, కొన్నిచోట్ల రావణాసురుని తల అనియు దీనిని వ్యవహరింతురు. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము పోవు తీరపు బాటలో రుషికొండ యొద్ద ఎఱ్ఱమట్టి వాలులందును, ఇసుక నేలలందును, బాట ప్రక్కలను ఇది నీరు పోయువారు లేకయే పెరుగును.

ఇంత దగ్గఱనున్న మొక్కను గూర్చి రైతు తెలిసికొనవలసిన సంగతులు మూడు కలవు. దీనిని పొరపాటులేక గుర్తించుట యెట్లు? దీని పసరు ఎంతవరకు పనికివచ్చును? చేనిలో దీనిని ఉండనీయవచ్చునా?

1. జాతి, జన్మస్థానము

గడ్డిచేమంతి చేమంతి కుటుంబమునకు చెందినది. బంతి, కుసుమ, పొద్దుతిరుగుడు, అరకు ప్రాంతపు వలిసెలు ఈ కుటుంబములోనివే. దీని జన్మభూమి మన దేశము కాదు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1753లో దీనికి ట్రైడాక్సు ప్రొకుంబెన్సు అని పేరిడెను. ఇందు మొదటి మాటకు మూడు పండ్ల కాటు పడినదనియు, రెండవదానికి నేలను ప్రాకునదనియు అర్థము. ఈ రెండు మాటలలోనే మొక్క ముఖ్య లక్షణములు ఇమిడియున్నవి.

2. గుర్తులు

కాండము నేలను ప్రాకుచు, కణుపులు మట్టిని తాకినచోట వేళ్లు దిగును. ఆకులు కణుపునకు రెండేసి చొప్పున ఎదురెదురుగా నుండును; అంచులు ఱంపపు పండ్లవలె నుండి, రెండు వైపులను గరుకైన నూగు గలిగియుండును. జానెడు పొడవు వరకు నిటారుగా లేచిన సన్నని కాడ చివర ఒక్కటే పూవు నిలుచును.

మనము పూవని పిలుచునది నిజమునకు ఒక పూవు కాదు. అనేకములైన చిన్న పూవుల గుత్తి. నడుమ పసుపుపచ్చని గొట్టపు పూవులు కిక్కిరిసి యుండును. చుట్టును సాధారణముగా అయిదు లేత మీగడరంగు రేకులుండును. ఒక్కొక్క రేకు చివర మూడు పండ్లుగా చీలియుండుటయే దీనికి తప్పని గుర్తు. గింజ నల్లగా, చిన్నదిగా నుండి తలపై ఈకవంటి రోమముల కుచ్చు కలిగియుండును. సముద్రపు గాలికి ఈ కుచ్చు గొడుగై గింజను దూరమునకు కొనిపోవును. ఏడాది పొడవునను పూచు మొక్క గనుక దీని వ్యాప్తికి కాలనియమము లేదు.

3. పొరపాటుపడదగిన మొక్కలు

గుంటగలగర ఇదే కుటుంబములోనిది. అది కాలువల ప్రక్కలను, వరిమళ్లలోను తడినేలను కోరును. దాని పూవులు మిక్కిలి చిన్నవి, తెల్లనివి. గింజలకు ఈకల కుచ్చు లేదు. నలిపిన ఆకు పసరు కొంతసేపటికి నల్లబడును. దీనివలన కీడు లేదు గాని, ఒకదానికి బదులు మరియొకటి వాడుట తగదు.

భయపడవలసినది వయ్యారిభామ. దీనినే కాంగ్రెసు గడ్డి యందురు. 1950వ దశకమున పూనా ప్రాంతమున గుర్తింపబడి, పిమ్మట దేశమంతయు వ్యాపించినది. ఇది ప్రాకదు, నిటారుగా నడుమెత్తు, అంతకు మించియు పెరుగును. ఆకులు క్యారెట్టు ఆకులవలె సన్నగా చీలి, ఒకదాని తరువాత నొకటిగా వచ్చును. కొమ్మల చివరల తెల్లని చిన్న పూవులు లెక్కకు మించి యుండును. దీని స్పర్శవలన కొందఱికి చర్మము దద్దురులెక్కి పుండ్లు పడును. పుప్పొడివలన ఉబ్బసము రేగును. దీని ఆకు గాయముపై ఎన్నడును పెట్టరాదు.

4. ఔషధగుణము

గడ్డిచేమంతి ఆకులలో ఫ్లావనాయిడ్లు, టానిన్లు మొదలగు పదార్థములు కలవు. టానిన్లకు వగరుగుణ ముండుటచే పై గీతల నుండి కాఱు రక్తము త్వరగా నిలుచుటకు కొంత తోడ్పడును. ఈ మొక్క గాయములను మాన్పు శక్తిని గూర్చి ఎలుకలపై జరిపిన పరీక్షల ఫలితములు 1982లో భారత వైద్య పరిశోధన పత్రికయందు ప్రకటింపబడినవి. కావున పెద్దల వాడుక కేవలము భ్రమ కాదు. అయినను ఎలుకపై కనబడిన గుణము మనుష్యునకు వైద్యముగా స్థిరపడినట్లు ఎంచరాదు. మధుమేహమునకు, రక్తపుపోటునకు డాక్టరు ఇచ్చిన మందులు మాని ఈ పసరు త్రాగుట ప్రాణాపాయకరము.

5. గాయమునకు వాడునపుడు

ఇందు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ధనుర్వాతము. ఈ వ్యాధి క్రిములు మట్టిలోను, పశువుల పేడలోను విత్తనరూపమున ఏండ్ల తరబడి బ్రదికియుండును. గాలి చొరని లోతైన గాయము వానికి అనువైన చోటు. నేలను ప్రాకు మొక్క ఆకునకు మట్టి అంటియుండుట సహజము. అట్టి ఆకును కడుగక గాయములోనికి నూరిపెట్టినచో రక్తము నిలిచినను క్రిమి లోపల చేరవచ్చును. సాధారణముగా మూడు దినములు మొదలు మూడు వారములలో దవడలు బిగిసికొని వ్యాధి బయటపడును. అప్పటికి గాయము మానినట్లే కనబడవచ్చును. కావున ఈ నియమములు పాటింపవలెను.

(అ) ముందుగా గాయమును శుభ్రమైన నీటితోను, సబ్బుతోను కడిగి, ఉతికిన గుడ్డతో గట్టిగా అదిమిపట్టవలెను.

(ఆ) చర్మముపై గీచుకొన్న చిన్న గాయమునకు మాత్రమే పసరు వాడవచ్చును. ఆకును కాచి చల్లార్చిన నీటితో కడుగవలెను. పురుగుమందు చల్లిన గట్ల మీదిది పనికిరాదు.

(ఇ) మేకు, ముల్లు, నాగలి కఱ్ఱు దిగిన లోతు గాయములకును, పశువు పొడిచినదానికిని, కుక్క కఱచినదానికిని ఏ ఆకును వాడక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ధనుర్వాతపు టీకా అవసరమో కాదో అచ్చట అడిగి తెలిసికొనవలెను.

(ఈ) పేడ, సున్నము, బూడిద గాయమునకు పెట్టరాదు.

6. చేనియందు

గట్టున నున్నప్పుడు గడ్డిచేమంతి పూవులకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు వచ్చును. చేనిలో చేరినప్పుడు మాత్రము వేరుసెనగ, నువ్వు, చోడి పైరులకు తడిలోను, ఎరువులోను పోటీయగును. పూత గింజగా మారకముందే తల్లివేరుతో పెఱికివేయవలెను. పారతో చెక్కిన ముక్కలను తడినేలపై వదలినచో కణుపుల నుండి మరల వేళ్లు దిగును. కావున ఎండలో ఆరవేసి ఎరువుగుంటలో వేయవలెను.

వయ్యారిభామను గట్టుమీదను సహింపరాదు. 2000వ సంవత్సరమున అనంతపురము జిల్లాలో సుమారు 2,25,000 హెక్టారుల వేరుసెనగకు కాండము కుళ్లు వైరసు తెగులు సోకి గొప్ప నష్టము కలిగినది. వైరసు ఈ మొక్కలో పైకి కనబడక దాగి, పుప్పొడితో పైరు ఆకులపై పడును. తామరపురుగులు గీకిన గంట్లగుండ లోనికి చొచ్చును. చేతికి తొడుగు వేసికొని పూతకు ముందే దానిని పెఱికివేయుట మేలు.

ముగింపు

రేకునకు మూడు పండ్లు, కాడకు ఒక్క పూవు, నేలను ప్రాకు కాండము: ఈ మూడు గుర్తులు ఇంటిలోని పిల్లలకును, కూలివారికిని చూపించి చెప్పవలెను. చిన్న గీతకు గాయపాకు చాలును. లోతు గాయమునకు ఆసుపత్రియే శరణ్యము. ఈ భేద మెఱిగిన రైతునకు గట్టుమీది మొక్క మేలు చేయును. ఎఱుగనివానికి అదియే ఆలస్యమునకు కారణమై ప్రాణము మీదికి తెచ్చును.