కార్డు ఉన్నా అప్పు ఎందుకు? – పల్లెల్లో ఆరోగ్య బీమా



మా సంఘానికి వచ్చే అర్జీల్లో వైద్యం కోసం వచ్చేవే మా మనసును ఎక్కువగా కలచివేస్తాయి. ఘంటసాల ప్రాంతంలో పరుపులు కుట్టి అమ్ముకొనే ఒక సోదరునికి గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. కంగారులో దొరికిన ఆసుపత్రిలో చేర్చారు. అది పథకంలో ఉందో లేదో ఎవరూ అడగలేదు. బిల్లు కోసం ఇల్లాలి గాజులు తాకట్టు పెట్టారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. చేర్చే ముందు తెలిసినవారు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ అప్పు ఉండేది కాదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతటా విస్తరించింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. కేంద్రం 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ ప్రారంభించి కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం కల్పించింది. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న వచ్చింది.

ఇన్ని ఉన్నా మనవారికి అందకపోవడానికి మేము గమనించిన కారణాలు మూడు.

1. పేర్ల తేడా. ఆధార్‌లో ‘షేక్’, రేషన్ కార్డులో ‘షైక్’. పెళ్లికి ముందు ‘బీ’, తర్వాత ‘బేగం’. కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఎక్కించనే ఎక్కించరు. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఇవి సరిచేయించడం చాలా కష్టం.

2. తెలియకపోవడం. పథకంలో ఉన్న ఆసుపత్రిలో వైద్యమిత్ర ఉంటారు, ముందుగా వారిని కలవాలి. ఎక్కడికి వెళ్లాలో 104కు ఫోన్ చేసి అడగవచ్చు.

3. పథకం భరించని ఖర్చులు. మచిలీపట్నానికో విజయవాడకో వెళ్లే కారు కిరాయి, తోడుగా ఉన్నవారు పోగొట్టుకొనే కూలి, బయట కొనే మందులు. ఈ ఖర్చుకు భయపడి ప్రయాణమే మానుకొన్న వారున్నారు.

‘బీమా మనకు ధర్మసమ్మతమేనా?’ అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రీమియం కట్టే వ్యాపార బీమాపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఈ పథకాల్లో పేదవారు ప్రీమియం కట్టరు, ప్రభుత్వమే భరిస్తుంది. ఈ సందేహంతో కార్డు తీసుకోకుండా ఉన్నవారు ఇమాం సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాలి. చివరకు వడ్డీ అప్పులో పడటం ఎవరికీ మేలు కాదు.

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవారు ఒకరని సూరా తౌబా 60వ ఆయత్ తెలుపుతుంది. అప్పు తీర్చడం పుణ్యం. ఆ అప్పు పడకుండా చూడటం కూడా మన బాధ్యతే. పెద్ద ఆపరేషన్ బిల్లు మొత్తం మన సంఘం భరించలేదు, పథకం భరించగలదు. అక్కడిదాకా రోగిని చేర్చే చిన్న ఖర్చు మనం భరించగలం.

కాబట్టి దాతలకు మా విన్నపం ఇది. మీ సదఖాలో కొంత భాగం ప్రయాణానికి, మందులకు కేటాయించండి. చదువుకున్న మన పిల్లలు జుమా నమాజు తర్వాత మసీదు దగ్గర కూర్చొని ఇంటింటి కార్డులు పరిశీలించి, తప్పులున్న వారిని గ్రామ సచివాలయానికి తీసుకువెళ్లాలి. పొరుగున ఉన్న అన్ని మతాల పేదలకూ ఈ సాయం అందాలి. షుగరు, బీపీ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారన్న మాట కూడా ప్రతి ఇంటికీ చేరాలి.

ఈ సంచిక మూసే ముందు మీ ఇంట్లో పనిచేసే మనిషిని ఒక్కసారి అడగండి: ‘కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా?’ అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.