డొంక ఒప్పుకుంటేనే బండి

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీర్వదించి రాసేది.

మట్టిదారుల్లో తోలే బండి కొన్నావనీ, తొలకరి పడగానే చేలవెంట నేర్చుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. లైసెన్సు వచ్చింది కనుక వద్దనను. ప్రత్తిపాడు, పెదనందిపాడు డొంకల్లో పురుగుమందు డబ్బాలూ, పత్తి బోరేలూ కట్టుకుని 30 ఏళ్లు బండి తోలాను. ఆ అనుభవంతో చెబుతున్నా, విను.

ముందు నేలను తెలుసుకో అల్లుడూ. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే ఏప్రిల్‌లో చెయ్యి దూరేంత నెర్రెలు, ఆగస్టులో కాలి చెప్పు ఊడబెరికే జిగురు. నెర్రె దారి పొడవునా ఉంటే చక్రం అందులో దిగుతుంది, అడ్డంగా దాటు. ట్రాక్టరు గాడిలో పడితే కంగారుగా హ్యాండిల్ తిప్పకు. గాడిలోనే సాగి, అంచు తగ్గినచోట పైకి రా. చూపు ముందు చక్రం మీద కాదు, పది బారల అవతల ఉండాలి. కళ్లు ఎటుంటే బండి అటే పోతుంది.

గతుకులొస్తే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడు, మోకాళ్లు కొద్దిగా వంచు. కుదుపు నడుము దాకా రాకుండా మోకాళ్లే కాచుకుంటాయి. హ్యాండిల్‌ను ఎద్దు పగ్గంలా పట్టుకో: వదలకూడదు, బిగించకూడదు. బురదలో రెండో గేరులో ఒకే తీరున లాగించు. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టావంటే చక్రం జారినట్టే. టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. పొదిలి, కనిగిరి వైపు ఎర్రనేల, గులకరాళ్లు వచ్చాయంటే మళ్లీ నింపుకో. లేకపోతే రాయి తగిలి రిమ్ము సొట్టపోతుంది.

ఒక శ్రావణంలో మిరపనారు కట్టలు వెనక కట్టుకుని, వాన వెలిసిన గంటకే బయల్దేరాను. ఫర్లాంగు పోయానో లేదో, ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రేగడి కూరుకుపోయి చక్రం బిగుసుకుంది. ఎక్సలేటరు ఇచ్చేకొద్దీ వెనక చక్రం గొయ్యి తవ్వుకుంది. ఇంజను ఆపి, తుమ్మపుల్ల విరిచి మట్టి పెళ్లగించాను. పది అడుగులు తోసేసరికి మళ్లీ కూరుకుపోయింది. చేను చేరేసరికి చీకటి పడింది, నారు వాడిపోయింది. అసలైన డర్ట్ బైకులకు ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన పెట్టేది ఈ బాధ తప్పడానికే. కానీ ఎంత మంచి బండైనా తడిసిన రేగడిని గెలవలేదు. ఆ రోజు ఇంకో పూట ఆగి ఉంటే నారు దక్కేది.

డకార్ ర్యాలీలో మోటారుసైకిలు తోలిన తొలి భారతీయుడు బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్. 2015లో ఆయన వచ్చింది 36వ స్థానంలో. రెండు వారాలు ఎడారులూ కొండలూ దాటే ఆ పోటీలో చివరిదాకా చేరడమే ఘనత. నువ్వూ వేగాన్ని కాదు, క్షేమంగా చేరడాన్నే లెక్కపెట్టుకో.

దారి మనదే, చేను రైతుది. పైరున్న చేలో చక్రం పెట్టకు. పత్తికట్టె నరికిన చేలోకీ పోకు, వాలుగా తెగిన మోడు టైరులో మేకులా దిగుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. పక్కనుంచి దూసుకుపోతే లేచిన దుమ్మంతా కాయ మీదే పడుతుంది. గుంటూరు యార్డులో కొనేవాడు కాయను చేతిలోకి తీసుకుని రంగు, మెరుపు చూసి ధర కడతాడు. నీ అరనిమిషం సరదా ఆ రైతు ధరకు కోత పెట్టకూడదు. కల్లం కనబడగానే నెమ్మదించు.

హెల్మెట్టు, బూట్లు లేకుండా ఇంటి గడప దాటకు. ఒంటరిగా పోకు. వాన వెలిసిన రోజున ముందు డొంకలోకి నడిచి నాలుగడుగులు వేసి చూడు. మన్ను చెప్పుకు అంటుకుని పైకి లేచిందంటే, ఆ పూట బండి బయటికి తీయకు.

ఇట్లు,
మీ మామయ్య