సుఖాసనము - స్వామి ధ్యానము

ఉదయమున స్నానసంధ్యలు ముగించి, ఇంట వేంచేసియున్న పెరుమాళ్ళకు ఆరాధనము సలిపి, తీర్థప్రసాదములు స్వీకరించిన పిదప కొంతసేపు కూర్చుండి స్వామిని ధ్యానించుట వైష్ణవ గృహస్థులలో పలువురికి అలవాటు. మంత్రమును అనుసంధించుచు దివ్యమంగళ విగ్రహమును పాదములు మొదలు కిరీటము వరకు మనస్సున నిలుపుకొనవలెనని వారి సంకల్పము. కాని పది నిమిషములు గడచునో లేదో కాళ్ళు తిమ్మిరి పట్టును. మోకాలు సలుపును. శ్రీవారి పాదములయందు నిలువవలసిన మనస్సు తన పాదములయందే చిక్కుకొనును.

ఇట్టి సమయమున కొందరు పండ్లు బిగబట్టి బాధను ఓర్చుకొందురు. మరికొందరు "ఈ వయస్సులో ఇక మనవల్ల కాదు" అని ధ్యానమునే విడిచిపెట్టుదురు. మొదటివారికి మోకాళ్ళు చెడును; రెండవవారికి నిత్యానుష్ఠానము చెడును. వీనిలో రెండవ నష్టమే పెద్దది. నేలపై కూర్చుండలేకపోయినంత మాత్రమున తాము ధ్యానమునకు అనర్హులమైతిమని తలచి, ఏండ్ల తరబడి సాగిన అనుసంధానమును మానుకొనిన వృద్ధులు మన ఇండ్లలో కలరు. వారి తలంపు సరియైనదేనా? ఈ విషయమున శాస్త్రము ఏమి చెప్పుచున్నది? దేహము ఏమి కోరుచున్నది? ఈ రెండును విచారింతము.

శాస్త్రము చెప్పిన ఆసనము

గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ధ్యానయోగమును ఉపదేశించుచు ఆసనమును గూర్చి స్పష్టముగా చెప్పియున్నాడు. స్థలము శుచిగా నుండవలెను. పీఠము మిక్కిలి ఎత్తుగాని మిక్కిలి పల్లముగాని కారాదు. దర్భలు, అజినము, వస్త్రము దానిపై పరచుకొనవలెను. శరీరము, మెడ, శిరస్సు నిటారుగా, కదలక యుండవలెను. ఇంత వివరముగా చెప్పిన స్వామి ఆ శ్లోకములలో కాళ్ళను ఏ విధముగా మడువవలెనో చెప్పలేదు. పద్మాసనమని గాని, మరియొక ఆసనమని గాని పేరు పెట్టలేదు. వెన్ను నిలుచుట, మనస్సు ఏకాగ్రమగుట అను రెండింటినే ముఖ్యముగా చెప్పినాడు.

బ్రహ్మసూత్రములలో నాలుగవ అధ్యాయము, మొదటి పాదమున ఉపాసకుడు కూర్చుండియే ఉపాసన చేయవలెనా అను విచారము గలదు. శ్రీభాష్యమున భగవద్రామానుజులు ఇచ్చిన సమాధానము మనకు మిక్కిలి ఉపకరించును. నిలుచుటకును, నడచుటకును ప్రయత్నము కావలెను; పరుండినచో నిద్ర వచ్చును; కావున కూర్చున్నవానికే ఏకాగ్రత సిద్ధించునని వారు నిర్ణయించిరి. అంతటితో ఆగక, దేహమును నిలుపుకొను శ్రమ సైతము లేకుండునట్లు ఒక ఆధారమును ఆశ్రయించి కూర్చుండవలెనని కూడ సెలవిచ్చిరి. దేహమును నిలుపుటకే శక్తియంతయు వ్యయమైనచో ధ్యానమునకు మిగులునది స్వల్పము. ఆనుకొని కూర్చుండుట భక్తికి లోపమని భావించువారు ఆచార్యుల ఈ మాటను స్మరింపవలెను.

యోగసూత్రములలో పతంజలి మహర్షియు ఆసనమునకు స్థిరత్వము, సుఖము అను రెండు లక్షణములనే చెప్పినాడు. ఆ సూత్రమునకు గల వ్యాసభాష్యము పద్మాసనము, వీరాసనము మొదలైన వానితోబాటు ఆధారముతో కూర్చుండు ఆసనమును కూడ పేర్కొనుచున్నది.

యోగపట్టము ధరించిన స్వామి

ఈ తత్త్వమును కన్నులార చూడదలచినవారు యోగనరసింహుని సేవింపవలెను. తిరుమల ఆలయమున విమాన ప్రదక్షిణము చేయునపుడు ఆయన సన్నిధి దర్శనమగును. అహోబిలమున నవనరసింహులలో ఒకడైన యోగానందుడుగా, కృష్ణాతీరమున వేదాద్రియందు యోగానందుడుగా, మేలుకోటలో కొండపై యోగనరసింహుడుగా స్వామి వెలసియున్నాడు. యోగనరసింహమూర్తి కాళ్ళను మడచి కూర్చుండును. మోకాళ్ళను చుట్టి ఒక పట్టము బంధింపబడియుండును. అదియే యోగపట్టము. సర్వజగత్తునకు ఆధారభూతుడైన స్వామికి ఆ పట్టము యొక్క అవసరమేమి? సాధకునకు ఆసనరీతిని చూపుటకే ఆయన దానిని ధరించెనని మనము భావింపవచ్చును. పట్టమునకు స్వామి సిగ్గుపడలేదు. మనము దిండునకు సిగ్గుపడనేల?

తిమ్మిరి ఎందువలన కలుగును?

రక్తము ఆగిపోవుటచేతనే తిమ్మిరి వచ్చునని పలువురి నమ్మకము. నిజమునకు ఎక్కువగా నొత్తుకొనునవి నరములు. మోకాలి క్రింద వెలుపలి వైపున ఒక ముఖ్యమైన నరము ఎముకను చుట్టి, చర్మమునకు అతి సమీపముగా సాగుచున్నది. తొడ వెనుక భాగమునందును పెద్ద నరము గలదు. గట్టి నేలపై కాలు మీద కాలు వేసి కదలక కూర్చున్నపుడు ఇవి నొక్కుకొని స్పర్శజ్ఞానము తగ్గును. ఒత్తిడి తొలగగానే నరములు మరల మేల్కొనును. అపుడు చీమలు ప్రాకినట్లు, సూదులు గ్రుచ్చినట్లు తోచును. కొలది నిమిషములలో తగ్గిపోవు తిమ్మిరి వలన సాధారణముగా హాని లేదు.

మోకాలినొప్పి సంగతి వేరు. మోకాలు ముఖ్యముగా తలుపు బందువలె ముడుచుకొని చాచుకొను కీలు. అన్ని వైపులకు తిరుగగలది తుంటికీలు. మఠము వేసి కూర్చున్నపుడు తొడ తుంటివద్ద వెలుపలికి తిరుగవలెను. చిన్ననాటి నుండి పీటపై కూర్చుండి భుజించినవారికి ఇది సహజముగా నుండును. బల్లలు, కుర్చీలకు అలవడినవారికి తుంటి బిగిసియుండును. అట్టివారు పాదమును బలవంతముగా తొడపైకి లాగుకొనినచో, తుంటి తిరుగని లోటును మోకాలు మెలి తిరిగి తీర్పవలసి వచ్చును. ఆ మెలియే నొప్పికి కారణము. కావున మోకాలిని చేతితో క్రిందికి నొక్కుట, నొప్పిని లెక్కచేయక పద్మాసనమునకు పట్టుపట్టుట తగవు.

పాటింపదగిన పద్ధతులు

మొదటిది పీఠపు ఎత్తు. దుప్పటిని మడచి నాలుగు వ్రేళ్ళ ఎత్తున పిరుదుల క్రింద ఉంచుకొనవలెను. మోకాళ్ళు తుంటికంటె క్రిందుగా నుండునంత ఎత్తు సరియైనది. అపుడు నడుము వంగక వెన్ను తనంత తానే నిలుచును. మోకాలు నేలను తాకక గాలిలో నున్నచో దాని క్రింద చిన్న దిండు నుంచవలెను. చీలమండల క్రింద మెత్తని వస్త్రము పరచుకొనవలెను.

రెండవది కాళ్ళ అమరిక. ఒక కాలిని మరియొక కాలిపై ఎక్కింపక, రెండింటిని ముందువెనుకలుగా నేలపైనే ఉంచినచో ఒత్తిడి తగ్గును. ఒకనాడు కుడికాలు ముందుంచినవారు మరునాడు ఎడమకాలు ముందుంచవలెను. పంచెకట్టు మోకాళ్ళవద్ద బిగియకుండ చూచుకొనవలెను.

మూడవది కాలనియమము. తొలిదినముననే గంట కూర్చుండ యత్నింపరాదు. పది నిమిషములు సుఖముగా కూర్చుండగలిగినవారు కొన్ని దినముల తరువాత రెండు నిమిషములు పెంచుకొనవచ్చును. కూర్చుండుటకు ముందు నెమ్మదిగా నాలుగు ప్రదక్షిణములు చేసినచో కీళ్ళు సడలును, మనస్సును స్వామివైపు మరలును.

నాలుగవది కుర్చీ. నేలపై కూర్చుండలేనివారు నిస్సంశయముగా కుర్చీలో కూర్చుండవలెను. పాదములు రెండును నేలపై ఆనవలెను. అందనిచో పీట వేసికొనవలెను. వీపునకు దిండు ఆనించుకొనవచ్చును. స్వామి మందసము ఆ ఎత్తునకు పైన ఉండునట్లు అమర్చుకొనుట మర్యాద.

ఇచట ఒక నియమమును మరువరాదు. అర్చామూర్తి ఎదుట కాళ్ళు చాచుటను, మోకాళ్ళను బంధించుకొని కూర్చుండుటను పెద్దలు సేవాపరాధములలో లెక్కించినారు. కావున మాటిమాటికి కాళ్ళు సవరించుకొనవలసినవారు స్వామికి నేరుగా ఎదుట గాక, ప్రక్కగా కూర్చుండవలెను. కాలు చాపవలసి వచ్చినపుడు ప్రక్కకు తిరిగి చాపుకొనవలెను. ఇట్లు చేసినచో దేహబాధ తీరును, మర్యాదయు నిలుచును.

బాధ కలిగినపుడు

ధ్యానమధ్యమున కాలు నొచ్చినపుడు వెంటనే కదలుటయు వలదు, మొండిగా సహించుటయు వలదు. ముందుగా అది ఏ విధమైన బాధయో గమనింపవలెను. కొద్దిపాటి తిమ్మిరియో, కదలవలెనను తహతహయో యైనచో మనస్సును మంత్రమునకు మరల్చి, చేతిలోని జపమాల ఒక ఆవృత్తి ముగియు వరకు ఆగి చూడవలెను. పలుమారు ఆ తహతహ అంతలోనే అణగిపోవును. అణగనిచో మంత్రమును ఆపక, కన్నులు తెరువక, మెల్లగా కాలు మార్చుకొనవలెను. కాలు కదలినంత మాత్రమున ధ్యానము చెడదు. "నా కాలు, నా నొప్పి" అని చింతించుట చేతనే చెడును. మోకాలిలో పొడిచినట్లు నొప్పి కలిగినచో మాత్రము ఆగక వెంటనే మడత విప్పవలెను.

తిమ్మిరి పట్టిన కాలితో తటాలున లేవరాదు. స్పర్శ లేని పాదము మడతపడి క్రిందపడు ప్రమాదము గలదు. కాలు చాపి, వ్రేళ్ళు కదలించి, తిమ్మిరి విడిచిన తరువాత గోడనో, బల్లనో పట్టుకొని లేవవలెను. వృద్ధులు దీనిని తప్పక పాటింపవలెను.

మధుమేహము గలవారిలో కొందరికి పాదములలో స్పర్శ తగ్గియుండును. వారు నొప్పిని నమ్ముకొనక గడియారమును చూచుకొని కాళ్ళు మార్చుకొనవలెను. పాదములపై ఒరపిడి పుండ్లు లేకుండ చూచుకొనవలెను. మోకాలికి శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుడు అనుమతించిన రీతిలోనే కూర్చుండవలెను. లేచిన తరువాత కూడ తిమ్మిరి చాలసేపు తగ్గకున్నను, పాదము ఎత్తలేక ఈడ్చుకొనవలసి వచ్చినను, ఒక పిక్క మాత్రము వాచి వేడిగా నొప్పిపెట్టుచున్నను వైద్యునికి చూపవలెను. వీనితోబాటు ఆయాసము, గుండెలో నొప్పి కలిగినచో క్షణమైన ఆలస్యము చేయరాదు. వీనిని తపస్సుగా భావించుట అవివేకము.

యాత్రికులకు ఒక మాట

అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరిన భక్తులు కొండపైకి వచ్చినంతనే మఠము వేసి కూర్చుండక, కొంతసేపు మెల్లగా నడచి, పిక్కలు సడలిన తరువాత కూర్చుండుట మేలు. ఆ మార్గమున మోకాళ్ళ పర్వతము గలదు. ఈ దివ్యగిరిని పాదములతో త్రొక్కరాదని భగవద్రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము. నేటికిని కొందరు భక్తులు అచట మోకాళ్ళతో మెట్లు ఎక్కుదురు. శక్తిగలవారికి అది మహాభాగ్యము. శక్తిలేనివారు ఆచార్యుల భావమును గైకొని, మెట్టుమెట్టునకు నమస్కరించుచు నడచినను లోపము లేదు. మోకాళ్ళతో ఎక్కిన ఆ మహనీయులే ధ్యానమునకు ఆధారముతో కూర్చుండుమని ఆదేశించిరి. కొండపట్ల వారికి గల గౌరవము, శిష్యుల దేహముపట్ల గల దయ - ఈ రెండును మనకు ఆదర్శములే.

దేహము ఎవరిది?

విశిష్టాద్వైత సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణునికి శరీరములు. ఆయన వానికి ఆత్మ. ఈ జీవుడు ఆయన సొత్తు. ఈ దేహమును ఆయన సొత్తే. పరుల సొత్తును మనయొద్ద ఉంచినపుడు దానిని పాడుచేయు అధికారము మనకు లేదు. దానికే దాసులమై ఉండుటయు తగదు. యజమాని పనికి ఉపయోగపడునట్లు కాపాడవలెను. మోకాలిని హింసించువాడు స్వామి సొత్తును చెరచుచున్నాడు. నొప్పికి వెరచి ధ్యానము మానినవాడు ఆ సొత్తును స్వామి పనికి వాడుట లేదు. దిండు వేసికొనియో, కుర్చీలో కూర్చుండియో అనుసంధానము సాగించువాడు సొత్తును సొంతదారునికి సమర్పించుచున్నాడు.

తిరుమల ఆదివరాహ క్షేత్రము. వేంకటేశుని దర్శనమునకు ముందు వరాహస్వామిని సేవించుట అచటి సంప్రదాయము. ఆ వరాహమూర్తి భూదేవికి ఇచ్చిన అభయమును మన పెద్దలు వరాహ చరమశ్లోకముగా నిత్యము అనుసంధింతురు. దేహము స్వస్థముగా, మనస్సు నెమ్మదిగా నున్నపుడు ఎవడు తనను స్మరించునో, వాడు అంత్యకాలమున కట్టెవలె, రాతివలె పడియున్నపుడు వానిని తానే స్మరించి పరమగతికి చేర్చుదునని స్వామి అందు ప్రతిజ్ఞ చేసినాడు. అంత్యకాలమున కాళ్ళు మడువలేము, చేతులు జోడింపలేము. స్వామి ఆనాడు వానిని మననుండి కోరుటయు లేదు. ఆయన కోరునది నేటి స్మరణము. దానిని పీటపై చేసినను, గోడకు ఆని చేసినను, కుర్చీలో చేసినను ఆయనకు చేరును. నేలపై కూర్చుండలేమని నేటి స్మరణమును పోగొట్టుకొనుటయే తీరని నష్టము.

కావున కాళ్ళు సహకరింపక ధ్యానము మానియున్న పెద్దలు రేపటి ఉదయము నుండియే తిరిగి ప్రారంభింతురు గాక. ఇంటనున్న పిన్నలు వారికి ఒక ఆసనము అమర్చి, వీపునకు దిండు నుంచి, పాదముల క్రింద పీట వేయుదురు గాక. అదియు భాగవత కైంకర్యమే. శ్రీనివాసుడు అందరి చిత్తములను తన శ్రీపాదములయందు నిలుపుగాక.