బీరువా తాళం ఎవరి జేబులో ఉంది?

బడి తెరిచిన మొదటి వారంలో హాజరుపట్టీతో పాటు ఇంకో చిన్న జాబితా రాసుకోండి. మీ తరగతిలో ఆయాసం వచ్చే పిల్లలెవరో అందులో ఉండాలి. "మీ పాపకు ఉబ్బసం ఉందా?" అని సూటిగా అడిగితే తల్లి లేదనే అంటుంది. రేపు సంబంధాలప్పుడు ఆ మాట అడ్డొస్తుందని ఆమె భయం. "రాత్రిళ్లు దగ్గుతో లేస్తుందా? పరిగెత్తితే పిల్లికూతలు వస్తాయా? ఎప్పుడైనా ఆస్పత్రిలో నెబ్యులైజర్ పెట్టించారా?" అని అడిగి చూడండి. అన్నీ చెబుతుంది.

హైదరాబాదులో పనిచేసేవాళ్లకు జూన్‌లో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసం తగ్గుతుందని చేపప్రసాదం వేస్తారు. ఆ తర్వాత కొద్ది రోజులకే బడులు తెరుస్తారు. "చేపమందు మింగించాం టీచర్, ఇన్‌హేలర్ మానేశాం" అని కొందరు తల్లిదండ్రులు ధీమాగా చెబుతారు. వాళ్లతో నమ్మకాల గురించి వాదన పెట్టుకోకండి. "అది మీ ఇష్టం అమ్మా, ఇన్‌హేలర్ ఆపమని మాత్రం డాక్టరుగారే చెప్పాలి" అంటే చాలు.

మందులు రెండు రకాలని టీచరుకు తెలియాలి. బ్యూడెసొనైడ్ లాంటిది రోజూ వాడాల్సిన నివారణ మందు. ఊపిరి గొట్టాల్లో వాపును మెల్లగా తగ్గిస్తుంది, గుణం తెలియడానికి వారాలు పడుతుంది. సాల్బుటమాల్ ఆయాసం వచ్చినప్పుడు వాడేది, నిమిషాల్లో పనిచేస్తుంది. పిల్లాడు బాగున్నాడు కదా అని ఇంట్లో మొదటిది మానేస్తారు, ఆ బరువంతా రెండోదాని మీద పడుతుంది. బడిలో వారానికి రెండుమూడుసార్లు సాల్బుటమాల్ అవసరమవుతోందంటే ఇంట్లో నివారణ మందు సరిగ్గా పడట్లేదని అనుమానించాలి. అలా వాడిన ప్రతిసారీ తేదీ, టైము డైరీలో రాయండి. డాక్టరుకు ఆ నాలుగు గీతలు చాలా చెబుతాయి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది ఆఖరి మందని భయపడే తల్లిదండ్రులకు నేను చెప్పే లెక్క ఒకటుంది. సాల్బుటమాల్ మాత్రలో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో ఇరవయ్యో వంతు. ఒళ్లంతా తిరగకుండా నేరుగా ఊపిరితిత్తులకు వెళుతుంది కాబట్టి ఆ కాస్తే సరిపోతుంది.

ఇక మందు ఎక్కడ ఉంచాలన్న సంగతి. నేను పనిచేసిన ఒక బడిలో ఐదో తరగతి పాప ఇన్‌హేలర్‌ను ఎంతో జాగ్రత్తగా ఆఫీసు బీరువాలో పెట్టాం. పాపకు డొక్కలెగరేసిన రోజు హెడ్‌మాస్టరు మండలాఫీసు మీటింగుకు వెళ్లారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తండ్రి ఇంకో ఇన్‌హేలర్ పట్టుకుని ఆటోలో వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. ఆ ఇరవై నిమిషాలూ పాప వీపు నిమరడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఆ తర్వాత నా తరగతిలో ఇన్‌హేలర్‌కు తాళం వేయలేదు. వాడటం తెలిసిన పిల్లల సంచిలోనే ఉంటుంది, చిన్నవాళ్లదైతే నా బల్ల సొరుగులో. డబ్బా మీద పేరు, తరగతి, గడువు తేదీ, ఎన్ని పఫ్‌లన్నది డాక్టరు సంతకంతో రాసిన కాగితం ఉండాలి. ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో మాత్రం వదిలేయకండి, 30 డిగ్రీలు దాటితే మందుకు మంచిది కాదు.

పిల్లలకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే గొట్టం) లేకుండా పఫ్ ఇస్తే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. స్పేసర్ కొనలేనివాళ్లుంటే, అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసినా పనికొస్తుంది. దాన్ని ఎలా చేయాలో డాక్టరు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి.

ఆయాసం మొదలైతే పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. ఆస్ట్రేలియా బడుల్లో టీచర్లకు నేర్పే నాలుగుల లెక్క గుర్తుపెట్టుకోవడం సులువు. స్పేసర్‌తో 4 పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వాలి, పఫ్ పఫ్‌కూ ఇన్‌హేలర్ ఊపాలి, పఫ్‌కు 4 శ్వాసలు తీయించాలి. 4 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ 4 ఇవ్వాలి. డాక్టరు కాగితంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. రెండో విడతకూ తగ్గకపోయినా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా పఫ్‌లు అదే లెక్కలో ఇస్తూనే ఉండండి. పిల్లికూతలు ఆగిపోయి పిల్లాడు నీరసంగా వాలిపోతే తగ్గిందనుకోకండి. గాలి ఆడటమే తగ్గిందని దాని అర్థం, అది మరింత ప్రమాదం.

గురుకులాల్లో పని వేరు. అక్కడ రాత్రి మందు బాధ్యత కూడా వార్డెనుదే. భోజనం గంట తర్వాత, పళ్లు తోముకునే ముందు అని ఒక వేళ పెట్టుకుంటే మరుపు రాదు. నివారణ మందు పీల్చాక ఎలాగూ నోరు పుక్కిలించాలి. రోజూ వచ్చిపోయే పిల్లల్లోనూ తల్లిదండ్రులు కూలికి తెల్లారే వెళ్లిపోయే ఇళ్లుంటాయి. ఆ ఉదయం మోతాదును బడిలో వేయించవచ్చా అని డాక్టరును అడగండి, తల్లిదండ్రుల చేత రాయించుకోండి. అమెరికాలోని రోచెస్టర్‌లో నర్సులు ఇలాగే బడిలో తమ కళ్లముందు వేయించి చూశారు. 530 మంది పిల్లలతో చేసిన ఆ అధ్యయనం 2011లో వెలువడింది. ఆయాసం లేని రోజులు పెరిగాయి. మన బడుల్లో చాలావాటికి నర్సులు లేరు, నిజమే. కానీ ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్రలు మింగిస్తున్నది మనమేగా!

జబ్బు ఇంకా నిర్ధారణ కాని పిల్లలుంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందం బడికి వచ్చినప్పుడు చూపించండి. వాళ్లు చూడాల్సిన జబ్బుల పట్టికలో ఆయాసం కూడా ఉంది. బోర్డు డస్టరు దులిపే వంతు ఆయాసం వచ్చే పిల్లలకు వేయకండి. ఆటలు మాత్రం మాన్పించొద్దు. ఆటకు ముందు పఫ్ రాసిచ్చారేమో చూసి, పీఈటీ సారుకు చెప్పి ఉంచితే చాలు.

పదిమందిలో ఇన్‌హేలర్ తీయడానికి పిల్లలు సిగ్గుపడి, బాత్రూము వెనక్కి వెళ్లి గబగబా రెండు నొక్కులు నొక్కి వస్తారు. అలా పీల్చింది సగం గాలిలో కలుస్తుంది. నా తరగతిలో శ్వాసలు లెక్కపెట్టే పని పక్కనున్న పిల్లాడికి అప్పగించాను. వారం తిరక్కుండానే ఆ పని కోసం బెంచీలో పోట్లాట మొదలైంది, చివరికి వంతులు వేయాల్సొచ్చింది.