ఇంజనుకు కందెన

మదురైలోని మాట్టుతావణి అన్న పేరుకు తమిళంలో పశువుల సంత అని అర్థం. నేడు అక్కడ పెద్ద బస్సు స్టాండు ఉంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎటువంటిదో, మోటారు సైకిలు ఇంజనుకు నూనె అటువంటిది.

ఈ నూనె ఇంజను భాగాల మధ్య రాపిడిని, వేడిని తగ్గిస్తుంది. పోను పోను మసి, సన్నని లోహపు పొడి చేరి నల్లబడుతుంది. అందుచేత బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన దూరం నడిచాక దానిని మార్చాలి.

పెద్దలు దగ్గర ఉండగా ఈ పని ఇంటిలోనే చేయవచ్చు. ఇంజనును 3, 4 నిమిషాలు నడిపి ఆపాలి. వెచ్చబడిన నూనె సులభంగా కారుతుంది. బండిని చదునైన నేలపై నిలిపి, కింద వెడల్పయిన పళ్ళెం పెట్టి, ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పాలి. చేతిపై నూనె పడకుండా చూసుకోవాలి. అంతా కారిన తరువాత బోల్టును తుడిచి బిగించాలి. అతిగా బిగిస్తే మరలు చెడతాయి. పిమ్మట పుస్తకంలో చెప్పిన రకం నూనెను చెప్పిన కొలతలో పోయాలి. చాలా బండ్లలో క్లచ్చి కూడా ఈ నూనెలోనే మునిగి ఉంటుంది. కారు నూనె పోస్తే క్లచ్చి జారవచ్చు.

పని ముగిసిందా? లేదు. పళ్ళెంలో నల్లని నూనె మిగిలి ఉంది. కాలువలో పోస్తే అది వాననీటితో వైగై నదిని చేరవచ్చు. నేలపై పోస్తే బావినీరు పాడవుతుంది. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు వాడిన నూనెను అపాయకరమైన వ్యర్థాలలో చేర్చాయి. కాబట్టి దానిని డబ్బాలో పోసి, గట్టిగా మూత బిగించి, శుద్ధి చేయడానికి పంపే మరమ్మతు శాలలో ఇవ్వాలి.

అభ్యాసం: మీ వీధిలోని మరమ్మతు శాలలో వాడిన నూనెను ఏమి చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఐదు వాక్యాలలో రాయండి.